ఆ ఇత్తడి జంట ఎవరి చేతుల్లోంచి వచ్చింది?

రెండు ఇత్తడి బొమ్మలను ఒక్కసారి ఊహించుకోండి. జానెడు ఎత్తు, కొన్నయితే ఇంకా చిన్నవి. ఒకటి మగ, ఒకటి ఆడ. తలల మీద చిన్న కొంకీలు, వాటిని కలుపుతూ ఇనుప గొలుసు. కాళ్ల కింద నుంచి ఇనుప చువ్వ పొడుచుకొచ్చి ఉంటుంది. కళ్లు మొహానికి మించినంత పెద్దవి, ఉబ్బుగా, బరువైన రెప్పలతో ఉంటాయి. నుదుటి మీద నెలవంక గీతలు. చాలా బొమ్మల్లో పిడికిళ్లు రెండూ ఛాతీ ముందు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఎడమది పైన, కుడిది కింద. బొటనవేళ్లు మాత్రం కనిపించవు, పిడికిట్లోకి ముడుచుకుని ఉంటాయి.

వీటి పేరు ఎడాన్. పశ్చిమాఫ్రికాలో యోరుబా జాతివారి ఒగ్బోని అనే పెద్దల సంఘానికి చెందిన వస్తువులు. లండన్, పారిస్, బ్రస్సెల్స్, న్యూయార్క్ వేలంపాటల్లో తరచూ కనిపిస్తాయి. గాజు పెట్టెలో, మంచి దీపం కింద, పక్కన నాలుగు వాక్యాల చీటీతో. వాటిని ఇష్టపడి కొని దాచుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇవాళ్టి మాటలు ఆ సేకరణ గురించి. ముందే చెబుతున్నాను, సేకర్తలంటే నాకు చిన్నచూపు లేదు. వాళ్లు లేకపోతే చాలా వస్తువులు కరిగి బిందెలైపోయేవి. కాకపోతే వాళ్లు వేయాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. చాలామంది దాన్ని ఆఖరున వేస్తారు, కొందరు అసలు వేయరు.

యోరుబాలు ఎవరో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. నైజీరియా నైరుతి భాగం వాళ్ల గడ్డ. పొరుగున బెనిన్ దేశంలోనూ, టోగోలోనూ ఉన్నారు. కోట్ల జనం. ఇబాడాన్, అబెకుటా, ఒషోగ్బో, ఇఫే వాళ్ల నగరాలు. నోబెల్ బహుమతి అందుకున్న వోలే షోయింకా యోరుబా మనిషే. ఆయన పేరు మళ్లీ వస్తుంది, ఒక చిత్రమైన సందర్భంలో.

ఒగ్బోని సంఘంలో స్త్రీలూ పురుషులూ ఉంటారు. ఇజేబు ప్రాంతంలో దీన్నే ఒసుగ్బో అంటారు. వాళ్లు కొలిచేది భూమిని. రాజును అదుపులో పెట్టడం, హద్దు మీరితే గద్దె దించడం దాకా ఈ సంఘం చేతిలో ఉండేది. నేల మీద మనిషి నెత్తురు చిందితే అది భూమికి చేసిన అపచారం. ఆ తగవు తీర్చేది వీళ్లే, తీర్చేటప్పుడు ఎడాన్ అక్కడ ఉండాల్సిందే. సభ్యుడు దాన్ని మెడలో వేసుకుంటాడు. ఒక చోటి నుంచి మరో చోటికి కబురు పంపేటప్పుడు, ఇది సంఘం మాటే అని నమ్మకం కలగడానికి దూత చేతికి ఇస్తారు. ఇద్దరు ఒగ్బోనీలు కలిస్తే ముగ్గురవుతారని వాళ్లలో ఒక నానుడి. ఆ మూడో మనిషి ఎవరంటే పండితులు తలా ఒకటి చెబుతారు. కొందరు భూమి అన్నారు, కొందరు ఎడానే అన్నారు. ఎలా చూసినా సాక్షి అనే అర్థం వస్తుంది. బాబాతుండే లావల్ అనే యోరుబా కళాచరిత్రకారుడు ఈ బొమ్మల మీద లోతుగా రాశారు. అంతకుముందు గయానా దేశపు చిత్రకారుడు డెనిస్ విలియమ్స్ నైజీరియాలో పనిచేసి, 1974లో ఒక పెద్ద పుస్తకమే వేశారు. ఆసక్తి ఉన్నవాళ్లు కొనడానికి ముందు వాళ్లిద్దరినీ చదవడం మంచిది. వేలంపాట చీటీ చదివి కొనడం కంటే చౌక కూడా.

ఎడాన్‌లో రెండు లోహాలు కలవడం వట్టి సౌకర్యం కోసం జరిగింది కాదు. ఇత్తడి తుప్పు పట్టదు, మెరుస్తుంది. ఒషోగ్బో పక్కన పారే నదికీ, ఆ నదీదేవతకూ ఓషున్ అని ఒకటే పేరు. ఆమెకు ఇష్టమైనది ఇత్తడి. ఆమె భక్తులు ఇత్తడి కడియాలు తొడుగుతారు, గుడిలో ఇత్తడి విసనకర్రలు ఉంచుతారు. ఇనుము ఓగున్ దేవుడిది. యుద్ధం, వేట, కమ్మరి కొలిమి, ఇవాళైతే లారీలూ మోటారు బండ్లూ అన్నీ ఆయన పరిధిలోనివే. డ్రైవర్లు ఆయన్ని కొలుస్తారు. చెట్టు మందుల దేవత ఓసన్యిన్‌కు ఇనుప దండం ఉంటుంది. పైన గుండ్రంగా చిన్న చిన్న ఇనుప పిట్టలు, వాటన్నిటికీ మీదుగా నడిమధ్యన ఒక పెద్ద పిట్ట. చూడ్డానికి చాలా తేలికగా, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. సమ్మెట దెబ్బలతో ఆ తేలికదనం తీసుకురావడం ఎంత కష్టమో కమ్మరిపని తెలిసినవాళ్లకు తెలుస్తుంది. ఇక పొలాల దేవుడు ఒరిషా ఒకో. ఆయన దండం కత్తిలా పొడుగ్గా, బరువుగా ఉంటుంది. ఇరావో అనే ఊళ్లో కమ్మర్లు ఎన్నో పారల ఇనుము కలిపి దాన్ని సాగగొట్టేవారు. దేవుడి పిలుపు వచ్చిందని సోదిలో తేలినవాళ్లు అంత దూరం వెళ్లి, భారీగా ఖర్చుపెట్టి తెచ్చుకునేవారు. పూసలతో కుట్టిన ఒర తొడిగి ఇంట్లో నిలబెట్టేవారు. అది ఆ ఇంటి ఇలవేల్పు.

ఇత్తడి పోత పోసే పద్ధతి మనకు కొత్తది కాదు. మట్టితో లోపలి ముద్ద చేసి, దానిమీద మైనంతో బొమ్మ దిద్ది, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి మూస పగలగొట్టాలి. అందుకే ఒక మూసకు ఒకటే బొమ్మ, అచ్చంగా అలాంటిది మరొకటి రాదు. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసేది ఈ పద్ధతిలోనే, 2018లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎడాన్ విషయంలో తేడా అల్లా, మట్టి ముద్దకు బదులుగానో, దాని నడుమనో ఇనుప చువ్వ ఉంటుంది. ఇత్తడి దాని చుట్టూ పట్టుకుంటుంది.

మరి అంత ఇత్తడి ఎక్కడిది? 15వ శతాబ్దం చివరి నుంచి పోర్చుగీసు ఓడలు గాజుల ఆకారంలో ఇత్తడి కడ్డీలను తీసుకొచ్చేవి. వాటిని మనిల్లా అంటారు. వాటితో మిరియాలు కొన్నారు, ఏనుగు దంతాలు కొన్నారు, మనుషుల్నీ కొన్నారు. తరవాత బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ కార్ఖానాలు కూడా పోశాయి. తూర్పు నైజీరియా వైపు 1948–49లో బ్రిటిష్ వాళ్లు రద్దు చేసేదాకా మనిల్లా డబ్బుగానే చెల్లింది. పశ్చిమాఫ్రికా పోతగాళ్లు ఎందరో ఆ డబ్బును కరిగించి దేవుళ్లను చేశారు. బానిస వ్యాపారంలో మనిషికి ధర కట్టిన లోహం, నెత్తురు చిందితే తీర్పు చెప్పే బొమ్మగా మారి ఉండవచ్చునన్న మాట తలుచుకుంటే మనసు ఒకచోట నిలవదు.

ఈ విద్య మాత్రం పోర్చుగీసుల కంటే పాతది. దానికి రుజువు ఇఫే. 1938లో ఆ ఊళ్లో వున్మోనిజే అనే వాడలో ఇంటి పునాది తవ్వుతుంటే లోహపు తలలు బయటపడ్డాయి. నిజమైన మనిషి తలకు దాదాపు సమానమైనవి, డజనుకు పైగా. మొహం నిండా నిలువు గీతలు, పెదవుల అంచు దాకా తీర్చిన పని. కొన్ని దాదాపు శుద్ధ రాగివి. ఇత్తడి కంటే రాగిని పోత పోయడం ఎంతో కష్టం, మూసలోకి సాఫీగా పారదు. 12 నుంచి 15వ శతాబ్దం మధ్యవని పండితుల లెక్క. ఇక్కడ ఒక తికమక విడదీయాలి. పత్రికల్లో తరచూ వచ్చే బెనిన్ కంచు శిల్పాలు వేరు. అవి పొరుగునున్న ఎడో జాతివారి రాజ్యానివి, 1897లో బ్రిటిష్ సైన్యం ఆ రాజ్యపు బెనిన్ నగరాన్ని తగలబెట్టి దోచుకెళ్లినవి. యోరుబా వస్తువులు చాలావరకు అలా ఒక్కసారిగా పోలేదు. ఒక్కొక్కటిగా, చేతులు మారుతూ, బేరాల మీద పోయాయి. అందుకే వాటి కథ చిక్కుముడి.

ఇఫే తలల్లో ఒకదాన్ని లేగోస్‌లోని ఒక పత్రికా సంపాదకుడు కొన్నాడు. అది 1939లో బ్రిటిష్ మ్యూజియం చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మరో రెండింటిని విలియం బాస్కమ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త కొని తన దేశం తీసుకెళ్లాడు. 1950లో ఆ రెండూ తిరిగి ఇచ్చేశాడు. ఒకే తవ్వకం, ఒకే ఏడు, ఇద్దరు కొనుగోలుదార్లు. చట్టం అప్పటికి ఇద్దరినీ ఆపలేదు. చట్టం తరవాత వచ్చింది. 1953లో నైజీరియాలో పురావస్తువుల చట్టం చేశారు, 1974లో బిగించారు, 1979లో మ్యూజియాల, స్మారక కట్టడాల జాతీయ కమిషన్ ఏర్పాటైంది. పాత వస్తువు దేశం దాటాలంటే ఆ కమిషన్ అనుమతి ఉండాలి.

ఇఫేకే చెందిన ఇంకో తల కథ చెబితే, సేకరణలో అసలు అనే మాట ఎంత జారుడుదో తెలుస్తుంది. 1910లో లియో ఫ్రోబీనియస్ అనే జర్మన్ పండితుడు ఇఫే వచ్చాడు. సముద్ర దేవత పేరుతో ఓలోకున్ తల అని పిలిచే ఒక లోహశిల్పాన్ని ఆరు పౌన్లకూ ఒక విస్కీ సీసాకూ బేరమాడాడు. ఇంత గొప్ప పని ఆఫ్రికన్లు చేశారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు, మునిగిపోయిన అట్లాంటిస్ వాళ్లు వచ్చి చేశారని రాసుకున్నాడు. బ్రిటిష్ అధికారులు అడ్డుపడి తలను వెనక్కి ఇప్పించారు. బాగుంది కదా? 1949లో విలియం ఫాగ్, లియాన్ అండర్‌వుడ్ అనే ఇద్దరు ఆ తలను పరీక్షించి, ఇది అసలుది కాదు, నకలు అని ప్రకటించారు. ఆ తీర్పు మీద తరవాత వాదనలు రేగాయి. మొత్తానికి, అసలు తల ఎక్కడో దాగి ఉందన్న మాట యోరుబా నేలలో గట్టిగా నాటుకుంది. షోయింకా ఆ మాట నమ్మిన వాళ్లలో ఒకరు. అది బ్రెజిల్‌లో ఒకరింట్లో ఉందని విని, మిత్రులతో కలిసి వెళ్లి, ఎలాగో చేజిక్కించుకుని తెచ్చారు. తీరా చూస్తే బ్రిటిష్ మ్యూజియం అమ్మే నకలు అది! ఈ సంగతి ఆయనే 2006లో వచ్చిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అంతటి మనిషే మోసపోయిన చోట, సెలవు రోజున బజారుకెళ్లి ఇది రెండు వందల ఏళ్ల నాటిది అని కొనుక్కొచ్చేవాళ్ల సంగతి ఏం చెప్పను.

వస్తువులు ఎలా బయటికొచ్చాయి? అన్నిటినీ దొంగలే ఎత్తుకుపోలేదు. మతం మారిన ఇళ్లల్లో తాతల నాటి దండాలు, బొమ్మలు బరువయ్యాయి. 1930లో ఇలేషా పట్నంలో జోసెఫ్ బాబలోలా అనే ప్రార్థనా ప్రవక్త సభలకు జనం వేలాదిగా వచ్చి, తమ రక్షరేకులూ పూజావస్తువులూ మంటల్లో వేశారు. మంటలో పడనివి తిరుగుడు వర్తకుల సంచుల్లో పడ్డాయి. వాళ్లు వాటిని రేవు పట్నాలకు, అక్కణ్ణించి యూరప్‌కు దాటించారు. 1967–70 అంతర్యుద్ధం నాటికి కాపలా సడలింది, వ్యాపారం పెరిగింది. ఆ తరవాత మ్యూజియాలకే కన్నం పడింది. 1987లో జోస్ మ్యూజియంలోంచి పోయిన వస్తువుల్లో ఒక ఇఫే తల ఉంది. అది చివరికి బెల్జియంలో తేలింది. దాని సంగతి తెలియకుండానే అక్కడి ప్రభుత్వం 2007లో వేలం వేసేసింది. కొన్న వర్తకుడు అమ్ముకుందామని లండన్ తీసుకొస్తే, 2017లో పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. మ్యూజియం రిజిస్టర్లో లెక్క రాసిన తలకే ఇంత ప్రయాణం జరిగితే, ఏ పల్లె పెద్ద మెడలోనో ఉన్న ఎడాన్ జంటకు అడ్డు ఎవరు?

ఇక నకిలీల సంగతి. ఇత్తడిని ఉప్పులో, పేడలో, ఆమ్లంలో కొన్నాళ్లు పాతిపెడితే చిలుము పడుతుంది. అది ఒకే రంగులో, సందుల్లోనూ మిట్టల మీదా సమానంగా ఉంటే అనుమానించాలి. నిజంగా వాడిన ఎడాన్‌లో అరుగుదల ఒక తీరులో ఉంటుంది. చేతులు తగిలే చోట్ల, అంటే ముక్కు, నుదురు, మోకాళ్లు నున్నబడి, మెత్తగా మెరుస్తాయి. చెవుల వెనక, గొలుసు కొంకీ లోపల నల్లటి మడ్డి పేరుకుంటుంది. గొలుసు కడియాలు ఒకదాన్నొకటి రాసుకున్న చోట సన్నబడతాయి. లోపల మట్టి ముద్ద మిగిలి ఉంటే, అది చివరిసారి ఎప్పుడు కాలిందో ప్రయోగశాలలో వేడిచేసి, వచ్చే వెలుగును కొలిచి చెప్పగలరు. కానీ ఎడాన్‌లో ఆ మట్టి తక్కువ, కొన్నిటిలో ఉండదు. కాబట్టి చాలాసార్లు కంటిచూపే దిక్కు. కళ్లు గట్టివైతే మంచిదే. అయితే కళ్లు ఎంత గట్టివైనా, వస్తువు ఎక్కణ్ణించి ఎలా వచ్చిందో చెప్పలేవు.

నన్ను కలవరపెట్టేది ఈ అరుగుదలే. నైజర్ నది ఒడ్డున తాడా అనే చిన్న ఊళ్లో రాగితో పోసిన ఒక కూర్చున్న మనిషి విగ్రహం ఉండేది. ఇప్పుడు మ్యూజియంలో ఉంది. ఎత్తు అర మీటరు పైచిలుకు. శైలి ఇఫేది. ఊరు యోరుబాలది కాదు, నూపే అనే మరో జాతివారిది. వాళ్లు ప్రతి శుక్రవారం ఆ విగ్రహాన్ని నదికి తీసుకెళ్లి గరుకు ఇసుకతో తోమేవారు. ఊరి ఆడవాళ్లకు పిల్లలు కలగాలని, నదిలో చేపలు నిండాలని. తరాల తరబడి అలా తోమడంతో మొహం, ఒళ్లు నున్నగా అరిగాయి. చేతులు దాదాపు ఊడిపోయాయి. మ్యూజియంలో చూసినవాళ్లు ఆ మెత్తదనాన్ని శిల్పి ప్రతిభలో భాగంగా మెచ్చుకుంటారు. సగం ప్రతిభ శిల్పిది, సగం ఆ ఇసుక పట్టిన చేతులది. మార్కెట్లో ఎడాన్‌కు ధర తెచ్చేది కూడా సరిగ్గా ఇలాంటి అరుగుదలే. అంటే కొనేవాడు ఇత్తడితో పాటు ఎవరెవరి మొక్కులకో డబ్బు కడుతున్నాడు. ఆ మొక్కుకున్నవాళ్ల మనవలు వదులుకున్నారా, వాళ్లకు తెలియకుండా పోయిందా అని అడక్కుండా ధర కట్టడం నాకు మింగుడుపడదు.

ఇది మనకు అర్థం కాని బాధేమీ కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. ఆ గ్యాలరీ దాన్ని లక్షల డాలర్లు పోసి కొనుక్కుంది, కాగితాలు చూసే కొనుక్కుంది. ఆ కాగితాలు అబద్ధాలు. 2016లో శిల్పం తిరిగి మన దేశానికి వచ్చింది. అప్పుడు మనం సంతోషించాం. నైజీరియావాళ్లు తమ వస్తువు అడిగితే మన ముఖం అలాగే ఉండాలి.

కాబట్టి, యోరుబా లోహకళ మీద మనసుపడ్డ శ్రోతలకు నా మాట ఇది. పాత వస్తువుల అక్రమ రవాణాను ఆపే యునెస్కో ఒప్పందంలో నైజీరియా 1972లో చేరింది. 2022 జనవరిలో అమెరికాతో కూడా ఒక ఒప్పందం చేసుకుంది. పాత వస్తువు చేతికొస్తే, దాన్ని దేశం నుంచి ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు, ఎవరి అనుమతితో అని అడగండి. మా తాతగారి దగ్గర ఉండేది, పాత ఫ్రెంచి సేకరణ అనే మాటలు సమాధానాలు కావు. ఫోటో, రశీదు, అనుమతి కాగితం, ఏదో ఒకటి చూపించాలి. లేకపోతే ఎంత అందంగా ఉన్నా కొనకండి. లేగోస్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది. ఒనికాన్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్లండి, ఇఫే మ్యూజియం కూడా చూసి రండి. ఒషోగ్బోలో ఓషున్ వనం ఉంది, 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంట్లో పెట్టుకోవాలని మనసు పీకితే, ఈ పోతపని చేసేవాళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. కొత్త బొమ్మ పోయించుకుని, చేసినవాడి పేరు రాయించుకుని, కమిషన్ దగ్గర ఎగుమతి అనుమతి తీసుకోండి. కొత్తదానికీ ఆ కాగితం అడుగుతారు, విమానాశ్రయంలో లేకపోతే ఇబ్బంది పడతారు.